దయ్యం చెప్పిన జాడ: పారానార్మల్ కోజీ మిస్టరీ నవలల్లో సాక్ష్య సమస్య

వ్యాససంగ్రహం

1929లో రోనాల్డ్ నాక్స్ అపరాధ పరిశోధక కథ నుంచి అతీంద్రియ శక్తులను వెలివేశాడు. ముప్పావు శతాబ్దం గడిచేసరికి అమెరికాలో దయ్యాలు, మంత్రగత్తెలు, జోస్యగత్తెలు నేరపరిశోధనలో పాలుపంచుకునే 'పారానార్మల్ కోజీ మిస్టరీ' నవలామాలికలు ఒక ప్రత్యేక శాఖగా స్థిరపడ్డాయి. ఈ శాఖ నాక్స్ నిషేధాన్ని ధిక్కరించి పుట్టిందన్నది సాధారణాభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని ఈ వ్యాసం పునఃపరిశీలిస్తుంది. ఈ నవలల్లో దయ్యం మాట జాడ చూపుతుందే తప్ప నేరాన్ని రుజువు చేయదని, ఈ విభజన 19వ శతాబ్దపు నిజమైన న్యాయవిచారణల్లోనే కనిపిస్తుందని, నిషేధం వెనుక స్త్రీ మాటకు విలువనివ్వని ధోరణి కూడా ఉందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అపరాధ పరిశోధక నవల, కోజీ మిస్టరీ, అతీంద్రియత, సాక్ష్యం, డిటెక్షన్ క్లబ్, గ్రీన్‌బ్రియర్ దయ్యం, బేతాళ కథలు.

1. ప్రవేశిక

మన విశ్వవిద్యాలయాల్లో అపరాధ పరిశోధక నవలను కాలక్షేప సాహిత్యంగా పక్కన పెట్టడమే గాని, చరిత్రకు ఆకరంగా చదివే అలవాటు ఇంకా బలపడలేదు. అందులోనూ 'కోజీ' అంటే మరింత చులకన. కోజీ మిస్టరీకి కొన్ని స్థిరమైన లక్షణాలున్నాయి. కథాస్థలం చిన్న ఊరు. పరిశోధకురాలు వృత్తిరీత్యా పోలీసు కాదు, బేకరీయో పూలకొట్టో పుస్తకాల దుకాణమో నడుపుకొనే స్త్రీ. హత్య తెర వెనుక జరుగుతుంది, రక్తం ఎక్కువగా కనిపించదు. నేరస్థుడు దొరికాక ఊరు మళ్లీ తన దినచర్యలో పడుతుంది. ఈ చట్రంలోకి ఒక దయ్యాన్నో మంత్రగత్తెనో ప్రవేశపెడితే అది పారానార్మల్ కోజీ.

ఇలాంటి నవలామాలికను వరుసగా చదివే పాఠకునికి మూడో నాలుగో సంపుటానికి ఒక సందేహం కలగక మానదు. చచ్చిపోయినవాడు తిరిగివచ్చి మాట్లాడుతున్నప్పుడు, తనను చంపిందెవరో చెబితే కథ మొదటి పుటలోనే ముగిసిపోవాలి కదా? మూడువందల పుటలు ఎందుకు పడుతోంది? అమాయకంగా కనిపించే ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే అది సాహిత్యరూపాల చరిత్ర దగ్గర ఆగదు. ఎవరి మాట సాక్ష్యమవుతుంది, ఎవరి మాట కాదు అన్న విచారణలోకి తీసుకుపోతుంది. కాబట్టి ముందుగా నవలలను వదిలి, రెండు నిజమైన హత్యల దగ్గర ఆగవలసి ఉంది.

2. పోల్‌స్టెడ్ కల, గ్రీన్‌బ్రియర్ దయ్యం

ఇంగ్లండులో సఫోక్ ప్రాంతపు పోల్‌స్టెడ్ గ్రామంలో మరియా మార్టెన్ అనే యువతి 1827 మే నెలలో విలియం కార్డర్‌తో వెళ్లిపోయింది, మళ్లీ కనిపించలేదు. తాము వేరే చోట సుఖంగా ఉన్నామని కార్డర్ ఉత్తరాలు రాస్తూ వచ్చాడు. మరియా సవతితల్లి ఆన్ మార్టెన్ మాత్రం, ఊళ్లో 'ఎర్రకొట్టం' అని పిలిచే ధాన్యపు కొట్టంలో మరియాను పాతిపెట్టినట్లు తనకు కలలు వస్తున్నాయని భర్తతో చెప్పింది. 1828 ఏప్రిల్ 19న ఆయన వెళ్లి తవ్వగా శవం దొరికింది. ఆగస్టులో విచారణ జరిగింది, 11వ తేదీన కార్డర్‌ను ఉరితీశారు. శిక్షకు ఆధారం కల కాదు. గుర్తుపట్టిన శవం, మెడకు చుట్టి ఉన్న కార్డర్ రుమాలు, ఆ కొట్టంతో అతనికున్న సంబంధం, ఇవీ ఆధారాలు. ఆన్‌కు ఆ సంగతి కలకు ముందే తెలిసి ఉండవచ్చునని తరువాతివారు అనుమానించారు. తెలిసినదాన్ని తెలిసినట్లుగా చెప్పలేని స్థితిలో ఉన్న స్త్రీకి కల ఒక మార్గమైందన్నది ఆ అనుమానంలోని సారం.

రెండో ఉదంతం మరింత స్పష్టమైనది. అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రం, గ్రీన్‌బ్రియర్ కౌంటీలో జోనా హీస్టర్ షూ అనే నవవధువు 1897 జనవరి 23న తన ఇంట్లో చనిపోయి కనిపించింది. వైద్యుడు వచ్చేసరికే భర్త ఆమెకు మెడ నిండుగా కప్పే దుస్తులు తొడిగి ఉంచాడు. మెడ దగ్గర పరీక్షించబోతే అడ్డుపడ్డాడు. వైద్యుడు పైపైన చూసి సహజమరణమని రాసి వెళ్లిపోయాడు. తల్లి మేరీ జేన్ హీస్టర్‌కు అల్లుడి మీద మొదటినుంచీ నమ్మకం లేదు. కొన్ని వారాల తరువాత ఆమె ప్రాసిక్యూటర్ జాన్ ఆల్ఫ్రెడ్ ప్రెస్టన్ దగ్గరికి వెళ్లి, కూతురు నాలుగు రాత్రులు తన దగ్గరికి వచ్చిందని, రాత్రి భోజనంలో మాంసం వండలేదన్న కోపంతో భర్త తన మెడ విరిచాడని చెప్పిందని వాంగ్మూలమిచ్చింది.

ప్రెస్టన్ దయ్యాన్ని నమ్మాడో లేదో మనకు అప్రస్తుతం. అతడు మనుషులను పంపి ఇరుగుపొరుగును, వైద్యుణ్ణి మళ్లీ ప్రశ్నించాడు. తన పరీక్ష అసంపూర్ణమని వైద్యుడు ఒప్పుకున్నాడు. అది చాలింది. ఫిబ్రవరి 22న శవాన్ని వెలికితీసి పరీక్షించారు. మెడ ఎముక విరిగి ఉంది, శ్వాసనాళం నలిగి ఉంది. జూన్‌లో విచారణ మొదలైనప్పుడు ప్రెస్టన్ తల్లిని సాక్షిగా నిలబెట్టాడు గాని దయ్యం ప్రస్తావనే తేలేదు. తెచ్చింది ప్రతివాది న్యాయవాది. తల్లి మతిస్థిమితం మీద జ్యూరీకి అనుమానం కలిగించడానికి, అది కలే కదా అని గుచ్చి గుచ్చి అడిగాడు. ఆమె మాట మార్చలేదు. తాను మేలుకొనే ఉన్నానని చెప్పింది. భర్తకు యావజ్జీవ శిక్ష పడింది. 1900లో కారాగారంలోనే మరణించాడు.

ఈ ఉదంతాన్ని స్మరిస్తూ వెస్ట్ వర్జీనియా రాష్ట్రం రహదారి పక్కన ఒక ఫలకం నిలిపింది. దయ్యం సాక్ష్యం హంతకునికి శిక్ష పడడానికి తోడ్పడిన ఏకైక ఉదంతంగా అది దీన్ని చెబుతుంది. విచారణ క్రమాన్ని చూస్తే ఫలకం సగమే నిజం. దయ్యం పనిచేసింది సమాధి తవ్వేదాకా. అక్కడినుంచి న్యాయస్థానం దాకా పనిచేసింది విరిగిన ఎముక. ఇంకొక సంగతి కూడా ఉంది. 1986లో ఈ ఉదంతం మీద పుస్తకం రాసిన కేటీ లెచర్ లైల్, జోనా మరణవార్త అచ్చయిన స్థానిక పత్రికలోనే ఆస్ట్రేలియాలో దయ్యం మూలంగా బయటపడిన ఒక హత్య కథ కూడా అచ్చయిందని గమనించింది. తల్లి దాన్ని చదివిందా, చదివి ఉంటే ఏమి నేర్చుకుంది అన్నది ఊహకు వదలవలసిందే. కాని ఒక పేద గ్రామీణ స్త్రీ "మా అల్లుడి మీద నాకు అనుమానంగా ఉంది" అంటే సమాధి తవ్వేవారా, "మా అమ్మాయే వచ్చి చెప్పింది" అంటే తవ్వేవారా? 1897 నాటి సమాజంలో అనుమానం కంటే దయ్యానికే పలుకుబడి ఎక్కువ కావడం విచిత్రమేమీ కాదు.

పై రెండు ఉదంతాల్లోనూ చనిపోయినవారి పక్షాన మాట్లాడింది స్త్రీలు. వారి మాట విచారణను ప్రారంభించింది, విచారణలో మాత్రం దానికి చోటు లేదు. నవలలోకి వచ్చింది ఈ విభజనే.

3. 1930: ఒక ప్రమాణం, ముగ్గురు స్త్రీలు

నిషేధానికి పూర్వరంగం క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఆన్ రాడ్‌క్లిఫ్ 1794లోనే దయ్యపు భయాన్ని రేపి చివర హేతుబద్ధమైన కారణం చూపే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. షెరిడన్ లె ఫాను 1872లో డాక్టర్ హెసెలియస్‌ను, ఆల్జర్నన్ బ్లాక్‌వుడ్ 1908లో జాన్ సైలెన్స్‌ను, విలియం హోప్ హాడ్జ్‌సన్ 1910 ప్రాంతంలో కార్నాకీని సృష్టించి దయ్యాల మీద పరిశోధన జరిపే వైద్యులను, నిపుణులను తయారుచేశారు. వీరిలో కార్నాకీ ముఖ్యుడు. అతని కథల్లో కొన్నిసార్లు దయ్యం నిజం, కొన్నిసార్లు మనిషి పన్నిన మోసం. ఏది ఏదో చివరిదాకా తెలియదు. పారానార్మల్ కోజీకి దూరపు పూర్వీకుడు ఎవరైనా ఉంటే అతడే. అయితే వీరందరూ పురుషులు, విద్యావంతులు. వీరి మాటను ఎవరూ ప్రశ్నించరు.

అసలు నిషేధం 1928–30 నడుమ రూపుదిద్దుకుంది. అమెరికాలో ఎస్. ఎస్. వాన్ డైన్ 1928లో ప్రకటించిన ఇరవై సూత్రాల్లో నేరాన్ని సహజమైన పద్ధతుల్లోనే ఛేదించాలని, ఆత్మావాహన కూటములు, స్ఫటికగోళాలు, పరచిత్తజ్ఞానం పనికిరావని చెప్పాడు. మరుసటి ఏడు క్యాథలిక్ మతగురువు రోనాల్డ్ నాక్స్ రాసిన పది ఆజ్ఞల్లో రెండోది అతీంద్రియ శక్తుల నిషేధం. వాటితో చిక్కు విప్పడమంటే పడవపందెంలో దొంగచాటుగా ఇంజను బిగించుకొని గెలవడం వంటిదని ఆయన పోలిక. దైవాన్ని, అద్భుతాలను విశ్వసించే గురువే కథలో వాటిని వద్దనడంలో వైరుధ్యమేమీ లేదు. అద్భుతం నిజమో కాదో ఆయన చర్చించడం లేదు. పాఠకునికీ రచయితకూ మధ్య పందెం సమానంగా ఉండాలన్నదే ఆయన పట్టుదల.

1930లో లండన్‌లో డిటెక్షన్ క్లబ్ ఏర్పడింది. తొలి అధ్యక్షుడు జి. కె. చెస్టర్టన్. సభ్యులుగా చేరేవారు చేయవలసిన ప్రమాణం ఒకటుంది. తమ పరిశోధకులు తెలివితేటలతోనే నేరాలను ఛేదిస్తారని, దైవసందేశం, స్త్రీ సహజజ్ఞానం, మంత్రతంత్రాలు, కాకతాళీయ సంఘటనలు మొదలైన వాటి మీద ఆధారపడరని మాటివ్వాలి. సరదాగా రాసుకున్న ప్రమాణమేనని కొట్టిపారేయవచ్చు. అయినా ఆ జాబితాలో ఏయే అంశాలు పక్కపక్కన చేరాయో గమనించాలి. దైవసందేశానికి, మంత్రతంత్రాలకు నడుమ స్త్రీ సహజజ్ఞానం కూర్చుంది. ఆకాశవాణి, క్షుద్రవిద్య, ఆడవాళ్ల ఊహ, మూడూ ఒకే గాటన కట్టిన అప్రామాణికాలు! నాక్స్ ఆజ్ఞల్లోనూ కారణం చెప్పలేని అంతఃస్ఫురణ మీద వేరే నిషేధముంది గాని, అక్కడ దానికి లింగం లేదు.

ఆ క్లబ్బులో స్త్రీలు కేవలం సభ్యులు కారు, స్తంభాలు. వారు ఈ నిషేధాన్ని ఎలా స్వీకరించారన్నది ఆసక్తికరం. అదే 1930లో అగాథా క్రిస్టీ మిస్ మార్పుల్‌తో తొలి నవల 'ది మర్డర్ ఎట్ ది వికరేజ్' ప్రచురించింది. అందులో మార్పుల్ సహజజ్ఞానాన్ని సమర్థించే తీరు గమనార్హం. చిన్నపిల్లవాడు మాటను అక్షరం అక్షరం కూడబలుక్కొని చదువుతాడు, పెద్దవాడు ఎన్నోసార్లు చూసి ఉండడం వల్ల చూడగానే చదివేస్తాడు, సహజజ్ఞానమంటే అంతేనని ఆమె భావం. అంటే క్లబ్ అప్రామాణికమన్నదాన్ని క్రిస్టీ అనుభవంగా, అంటే ప్రమాణంగా, నిరూపించింది. అదే ఏడు డొరొతీ ఎల్. సేయర్స్ 'స్ట్రాంగ్ పాయిజన్'లో మిస్ క్లింప్సన్ అనే నడివయసు అవివాహిత, దయ్యాలను నమ్మే ఒక నర్సు ముందు మీడియంలా నటించి, దొంగ ఆత్మావాహన కూటమి నడిపి, కీలకమైన వీలునామాను వెలికితీస్తుంది. ఇక్కడ దయ్యం లేదు, దయ్యం పేరు ఉంది. మేరీ జేన్ హీస్టర్ గురించి మనకున్న అనుమానానికి ఇది కల్పనారూపం అనిపిస్తుంది. మరుసటి ఏడు వచ్చిన క్రిస్టీ నవల 'ది సిటఫర్డ్ మిస్టరీ'లో ఆత్మావాహన బల్ల చెప్పిన హత్య నిజమవుతుంది గాని, ఆ సందేశం వెనుక ఉన్నది మనిషే.

ఈ సందర్భంలో ఒక ఉపకథ చెప్పకుండా ఉండలేను. 1926 డిసెంబరులో క్రిస్టీ పదకొండు రోజులు అదృశ్యమైనప్పుడు, అప్పటికి ఆత్మవాదంలో పూర్తిగా మునిగిపోయిన ఆర్థర్ కానన్ డాయిల్ ఆమె చేతితొడుగును సంపాదించి ఒక మీడియం చేతికిచ్చాడు. సేయర్స్ ఆమె కారు దొరికిన చోటికి స్వయంగా వెళ్లి చూసింది. చివరికి క్రిస్టీని హారోగేట్ హోటల్లో గుర్తుపట్టింది అక్కడి వాద్యబృందంలోని మనుషులు. హేతువుకు మారుపేరైన హోమ్స్‌ను సృష్టించినవాడు మీడియంను ఆశ్రయించాడు. నిషేధకర్తలకు దయ్యం పుస్తకాల్లోని సమస్య మాత్రమే కాదు, తమ వృత్తికి ఆద్యుడే లోనైన సమకాలిక వ్యామోహం. డాయిల్ 1930 జులైలో మరణించాడు.

4. పిల్లి దారి చేసింది

నిషేధం మూడు నాలుగు దశాబ్దాలు మొత్తంమీద నిలిచింది. జాన్ డిక్సన్ కార్ 1937లో 'ది బర్నింగ్ కోర్ట్' చివరి పుటల్లో దాన్ని ఉద్దేశపూర్వకంగానే గిల్లాడు. ర్యాండల్ గారెట్ 1960ల్లో, మాంత్రికవిద్య శాస్త్రంగా చలామణి అయ్యే ప్రత్యామ్నాయ చరిత్రలో లార్డ్ డార్సీని ప్రవేశపెట్టి, సూత్రాలు ముందుగా చెబితే మంత్రంతో కూడా పాఠకునికి అన్యాయం జరగదని నిరూపించాడు. సిద్ధాంతపరంగా గారెట్ సాధించినది పెద్దదే. కాని కోజీ పాఠకులను చేరింది అతడు కాదు, ఒక సయామీ పిల్లి.

లిలియన్ జాక్సన్ బ్రాన్ 1966లో 'ది క్యాట్ హూ కుడ్ రీడ్ బ్యాక్‌వర్డ్స్' ప్రచురించింది. పత్రికారచయిత క్విలరన్ నేరాలను పరిశోధిస్తుంటే అతని పిల్లి కోకో అల్మారాలోంచి పుస్తకాలు పడదోస్తుంది, పనికిరాని చోట గోకుతుంది, అకారణంగా అరుస్తుంది. అది అర్థమయ్యాక చూస్తే ప్రతి చర్యా ఒక ఆధారమే. పిల్లికి అతీంద్రియ జ్ఞానముందా, అది యాదృచ్ఛికమా? బ్రాన్ చెప్పదు. పోలీసులకు చెప్పుకోలేక క్విలరన్ ఇబ్బంది పడతాడు. పిల్లి చూపిన దారిలో నడిచి, మనుషులు ఒప్పుకునే ఆధారం వేరే సంపాదించుకోవాలి. మూడు నవలలు వచ్చాక 1968లో ఈ మాలిక ఆగిపోయి, పద్దెనిమిదేళ్ల తరువాత 1986లో తిరిగి మొదలైంది, 2007 వరకు సాగింది. చివరి సంపుటాల్లో కథాసంవిధానం బాగా వదులైందని చెప్పక తప్పదు. కాని రెండో విడతకు లభించిన ఆదరణ ఒక మార్పుకు సూచిక.

ఆ మార్పును ఇంకొక వైపు నుంచి కూడా చూడవచ్చు. 1989లో వాషింగ్టన్ పరిసరాల్లో 'మాలిస్ డొమెస్టిక్' అనే వార్షిక సదస్సు మొదలై, క్రిస్టీ పేరిట 'అగాథా' పురస్కారాలను నెలకొల్పింది. కఠినమైన నగరనేరాల నవలలకే గౌరవం దక్కుతున్న కాలంలో, చిన్న ఊరి మిస్టరీ రచయిత్రులకూ పాఠకురాళ్లకూ అది సొంత వేదిక అయింది. ప్రచురణసంస్థలు వంట, కుట్టు, తోటపని వంటి ఏదో ఒక వ్యాసంగాన్ని ముడిపెట్టి నవలామాలికలు రాయించుకోసాగాయి. 2000 తరువాత ఆ వ్యాసంగాల జాబితాలో జోస్యం, మంత్రవిద్య, దయ్యాలతో సంభాషణ కూడా చేరాయి. అల్లికలు వచ్చిన పరిశోధకురాలి పక్కనే ఆత్మలు కనిపించే పరిశోధకురాలు! ఒక వృత్తిగా, ఒక నేర్పుగా అతీంద్రియత రావడమే ఇందులోని కొత్తదనం. డిటెక్షన్ క్లబ్ ప్రమాణంలో చిక్కుబడిన రెండు నిషిద్ధ వస్తువులు, దయ్యమూ స్త్రీ సహజజ్ఞానమూ, ఒకే గుమ్మంలోంచి తిరిగివచ్చాయి.

5. పుస్తకాల దుకాణంలో దయ్యం

2004లో అలిస్ కింబర్లీ పేరిట వెలువడిన 'ది ఘోస్ట్ అండ్ మిసెస్ మెక్‌క్లూర్' ఈ శాఖకు మంచి నమూనా. అలిస్ అల్ఫోన్సీ, మార్క్ సెరసీనీ అనే దంపతుల ఉమ్మడి కలంపేరు అది. క్లియో కాయిల్ పేరుతో కాఫీదుకాణపు మిస్టరీలు రాస్తున్నదీ వారే. పేరులోని ధ్వని 1947 నాటి 'ది ఘోస్ట్ అండ్ మిసెస్ మ్యూర్' చలనచిత్రాన్ని స్ఫురింపజేస్తుంది. రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని క్విండికాట్ అనే కల్పిత పట్టణంలో పెనెలపీ అనే యువ వితంతువు తన పెద్దమ్మతో కలిసి పుస్తకాల దుకాణం నడుపుతుంటుంది. అర్ధశతాబ్దం కిందట ఆ కట్టడంలోనే కాల్పులకు బలైన జాక్ షెపర్డ్ అనే ప్రైవేటు డిటెక్టివ్ దయ్యమై అక్కడ ఉంటాడు. అతని గొంతు ఆమెకు తప్ప ఎవరికీ వినబడదు.

దయ్యం మీద రచయితలు విధించిన కట్టడులే ఈ మాలికకు ప్రాణం. జాక్ మొదట్లో ఆ దుకాణం దాటి రాలేడు. తరువాత అతని కాలపు ఒక పాత నాణెం వెంట ఉంచుకుంటేనే ఆమెతో బయటికి రాగలడు. గోడలకు అవతల జరిగేది అతనికి తెలియదు. హంతకుడెవరో అతనికీ తెలియదు. అతడు ఇవ్వగలిగింది 1940ల నాటి వృత్తి అనుభవం. ఎవరిని ఏమని అడగాలి, అబద్ధమాడేవాడి ముఖం ఎలా ఉంటుంది, వెంబడించేవాణ్ణి ఎలా వదిలించుకోవాలి, ఇవీ అతని విద్యలు. అంటే ఇక్కడి దయ్యం ఆకాశవాణి కాదు, గురువు. పెనెలపీ అతని దగ్గర నేర్చుకొని, పోలీసులు కొట్టివేయలేని ఆధారాలు తానే సేకరించాలి. ఎలా తెలిసిందని వారడిగితే చెప్పడానికి ఆమెకు ఎప్పుడూ ఇంకొక కారణం సిద్ధంగా ఉండాలి. ఈ మాలికలోని హాస్యమంతా ఆ ఇబ్బందిలో పుట్టిందే, దాని వెనుకనున్న వాస్తవం మాత్రం నవ్వులాట కాదు. గ్రీన్‌బ్రియర్‌లో ప్రెస్టన్ చేసినది కూడా ఇదే.

ఇతర రచయిత్రులూ ఇలాంటి కట్టడులే కల్పించుకున్నారు. కారొలిన్ హార్ట్ 2008లో ప్రారంభించిన మాలికలో బెయిలీ రూత్ అనే దయ్యం స్వర్గంలోని ఒక విభాగం తరఫున భూమికి వస్తుంది, భూసంచారానికి ఆమెకు లిఖితపూర్వకమైన నియమావళి ఉంది, దాన్ని మీరినప్పుడల్లా పై అధికారి మందలిస్తాడు. నాక్స్ ఆజ్ఞలు రచయిత బల్ల మీదినుంచి కథలోకి దిగివచ్చినట్లుంటుంది. స్వయంగా జోస్యవృత్తిలో ఉన్న విక్టోరియా లారీ 2004 నాటి తొలి నవలలో, జోస్యగత్తె ఆబీ కూపర్ తన ఖాతాదారు మరణాన్నే ముందుగా చూడలేకపోతుంది, పైగా ఆమె శక్తి కారణంగానే పోలీసులు ఆమెను అనుమానిస్తారు. ఎక్కువ తెలిసిన స్త్రీ మొదటి నిందితురాలు కావడం మంత్రగత్తెల విచారణల నుంచి వస్తున్న పాత కథే. జూలియెట్ బ్లాక్‌వెల్ 2009లో సృష్టించిన లిలీ ఐవరీ పాతదుస్తుల దుకాణం నడుపుతుంది. దుస్తులను తాకితే పూర్వం వాటిని కట్టినవారి ఉద్వేగాలు ఆమెకు తెలుస్తాయి, పేర్లు తెలియవు.

ఈ కట్టడులన్నిటిలోనూ అత్యంత నిశితమైనది షార్లెయిన్ హ్యారిస్ రచనల్లో ఉంది. 2001లో వచ్చిన 'డెడ్ అంటిల్ డార్క్'లో సూకీకి మనుషుల మనసులోని మాటలు వినబడతాయి, రక్తపిశాచాలవి వినబడవు. 2005లో 'గ్రేవ్ సైట్'తో మొదలైన మాలికలో హార్పర్ కనెలీ పిడుగుపాటుకు గురై బతికిన స్త్రీ. శవం ఎక్కడుందో ఆమె కనిపెట్టగలదు, ఆ మనిషి ఎలా చనిపోయాడో తెలుసుకోగలదు. ఎవరు చంపారో తెలుసుకోలేదు. కోజీ అనడానికి ఆ మాలిక కాస్త చీకటిగా ఉంటుంది గాని, మన సమస్యకు అంతకంటే స్పష్టమైన సూత్రీకరణ దొరకదు. మృతదేహం, మరణకారణం అతీంద్రియ జ్ఞానం పరిధిలోనివి. కర్తృత్వం మాత్రం మానవ విచారణకే వదిలివేయబడింది.

అందుచేత ఈ శాఖ నాక్స్‌ను ధిక్కరించిందనడం సరికాదు. ఆయన రెండో ఆజ్ఞను మీరి, దాని వెనుక ఉన్న న్యాయాన్ని మరింత శ్రద్ధగా పాటించింది. ఇంజను ఉన్నట్లు ముందే చూపించి, అది ఎంతవరకు పనిచేస్తుందో కొలతతో సహా చెప్పి, ఆ తరువాత పందెం మొదలుపెట్టింది. ప్రతి నవలా ఈ నిజాయతీని నిలుపుకుందని కాదు. చిక్కు ముదిరినప్పుడు దయ్యానికి హఠాత్తుగా కొత్త శక్తి పుట్టుకొచ్చే నవలలూ ఉన్నాయి, ఈ-పుస్తకాల స్వీయప్రచురణ పెరిగాక అలాంటివి మరీ ఎక్కువయ్యాయి. వాటికి నాక్స్ తీర్పే వర్తిస్తుంది.

6. తెలుగు పాఠకుని వైపు నుంచి

మన న్యాయశాస్త్రంలో ఈ విభజనను పోలినది ఉంది. 1872 భారత సాక్ష్య చట్టం 27వ సెక్షన్ ప్రకారం, పోలీసు నిర్బంధంలోని నిందితుడు చెప్పిన మాట సామాన్యంగా సాక్ష్యం కాదు గాని, ఆ మాట వల్ల ఒక వస్తువో వాస్తవమో బయటపడితే దానికి నేరుగా సంబంధించినంత మేరకు ఆ మాటను రుజువు చేయవచ్చు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఈ నియమం 23వ సెక్షన్‌లో భాగంగా కొనసాగుతోంది. నిందితునికీ దయ్యానికీ పోలిక పరిమితమైనదే. అయినా, నోటిమాట చెల్లకపోయినా అది చూపించిన చోట దొరికినది చెల్లుతుందన్న తర్కం రెండుచోట్లా ఒకటే. మరణించిన మనిషి మాటను కూడా చట్టం పూర్తిగా తోసిపుచ్చదు. మరణ వాంగ్మూలాన్ని గౌరవిస్తుంది. షరతల్లా ఆ మాట ప్రాణం పోకముందు చెప్పినదై ఉండాలన్నదే.

తెలుగు నవలలో మాత్రం ఈ రెండు దారులు వేరువేరుగానే సాగాయి. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ సంప్రదాయంలో హేతువుదే రాజ్యం. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం'తో క్షుద్రశక్తి జనాదరణ పొందిన నవలావస్తువైంది. అప్పుడు చెలరేగిన చర్చలో, రంగనాయకమ్మ రాసిన 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము'తో సహా, ప్రధానప్రశ్న రచయిత మూఢనమ్మకాలను పెంచుతున్నాడా లేదా అన్నది. ఆ ప్రశ్న మన సమాజానికి అవసరమైనదే. చేతబడి నెపంతో మనుషులను చంపే చోట దయ్యాన్ని తేలికగా తీసుకోవడం కుదరదు. కాని ఆ ప్రశ్న తీవ్రత వల్ల, కథలో అతీంద్రియ జ్ఞానానికి ఎంత ప్రామాణ్యం ఇవ్వాలి, దాన్ని దేనితో సరిచూడాలి అన్న రెండో ప్రశ్న వెనుకబడిపోయిందని నా అభిప్రాయం. సోది చెప్పే ఎరుకలసాని మన యక్షగానాల నుంచి నేటిదాకా సజీవమైన పాత్ర. ఆమె చెప్పిన దాన్ని ఆధారాలతో సరిచూస్తూ సాగే పరిశోధక నవలామాలిక ఏదీ నా దృష్టికి రాలేదు.

రెండో ప్రశ్న మన సంప్రదాయానికి కొత్తదేమీ కాదు. చందమామ దశాబ్దాల పాటు నెలనెలా కొత్త కథతో నడిపించడం వల్ల బేతాళ కథల్లో ప్రశ్న–జవాబుల చట్రమే మనకు ఎక్కువ గుర్తు. శవంలోని బేతాళుడు ధర్మసందేహం అడుగుతాడు. విక్రమార్కుడు తర్కంతో జవాబు చెబుతాడు. ఇక్కడ అతీంద్రియ శక్తి ప్రశ్నించేది, తీర్పు చెప్పేది మనిషి. పారానార్మల్ కోజీ పాఠకునికి ఈ ఏర్పాటు సుపరిచితం. అయితే 11వ శతాబ్దపు సోమదేవుని కథాసరిత్సాగరంలో ఈ కథాచక్రం ముగిసే తీరు వేరు. చివరి కథకు రాజు మౌనం వహించినప్పుడు బేతాళుడు మెచ్చుకొని, నిన్ను పంపిన క్షాంతిశీలుడు నిన్నే బలి ఇవ్వబోతున్నాడని, సాష్టాంగపడమని అడిగితే ముందు నువ్వు చేసి చూపించమను అని ఉపాయం చెబుతాడు. భిక్షువు వంగుతాడు. రాజు తల నరుకుతాడు.

అన్ని ప్రశ్నలకు అంత సూక్ష్మంగా జవాబు చెప్పిన రాజు, ఒక శవం నోట వచ్చిన హత్యారోపణను మాత్రం సరిచూడలేదు. బేతాళుడు చెప్పినట్లే భిక్షువు సాష్టాంగపడమన్నాడు కదా, అదే రుజువని వాదించవచ్చు. సాష్టాంగపడమనడం పూజలో మామూలే, అది హత్యాప్రయత్నానికి రుజువెలా అవుతుందని ప్రతివాది న్యాయవాది అడగవచ్చు. పెనెలపీ అయితే ఆ రాత్రి శ్మశానానికి వెళ్లకముందే భిక్షువు కత్తి ఎక్కడ దాచాడో వెతికి ఉండేది.